‘ఇన్నాళ్లు చూసుకున్నావు, నువ్వే ఉంచేసుకో’ అనే వాళ్లకి

ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. చుట్టాలు, అపార్ట్‌మెంట్ వాళ్లు, మా ఇంట్లో ఉంటున్న కుక్క కాటుక ఫొటో పెడితే కింద కామెంట్ రాసేవాళ్లు, అందరిదీ ఇదే సలహా. ప్రేమతోనే అంటారని తెలుసు. అయినా ఆ మాటకి నాకెందుకు ఒళ్లు మండుతుందో ఇవాళ వివరంగా రాస్తున్నాను. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

కాటుక మా ఇంట్లో ఫోస్టర్‌గా ఉంటున్న కుక్క. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వైపు రోడ్డు మీద ఏదో బండి గుద్దేసి పోతే, వెనక కాలు విరిగి డివైడర్ పక్కన పడి ఉంది. గాయానికి పురుగు పట్టింది. అక్కడ టిఫిన్ బండి నడిపే అతను నీళ్లు పోసి, ఎవరెవర్నో అడిగి రెస్క్యూ వాళ్ల నంబర్ పట్టుకుని ఫోన్ చేయబట్టి బతికింది. ఆపరేషన్ చేసి కాల్లో రాడ్ వేశారు. అది కుదుటపడుతోంది అనుకునేలోపే టిక్ ఫీవర్, అంటే పిడుదులు కుడితే వచ్చే జ్వరం, వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయాయి. అలాంటి కుక్కని షెల్టర్‌లో పెట్టడం కష్టం. పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులు ఒకదాన్నుంచి ఒకదానికి ఇట్టే అంటుకుంటాయి. పైగా విరిగిన కాలు అతకాలంటే కదలకుండా ఉండాలి, చుట్టూ అన్ని కుక్కలు అరుస్తుంటే ఏ కుక్క కదలకుండా ఉంటుంది? అందుకే ఇలాంటి వాటిని కోలుకునేదాకా ఎవరో ఒకరి ఇంట్లో ఉంచుతారు. అదే ఫోస్టరింగ్. కోలుకున్నాక సొంత ఇల్లు దొరకాలి. దాని తర్వాత ఆ చోటు ఇంకో కుక్కకి.

ఇక్కడే జనానికి అర్థం కావట్లేదు. మా ఇంట్లో ఉన్నది ఒక్క బాల్కనీ, దాని పక్కన ఒక చిన్న గది. కాటుకని ఉంచేసుకుంటే ఆ గది తలుపు ఇక మూసుకున్నట్టే. దాని ఆయుష్షు ఇంకో పదేళ్లు పైనే ఉండొచ్చు. ఈలోపు రోడ్డు మీద పడి ఉన్న కుక్క కోసం ఎవరైనా ఫోన్ చేస్తే ‘చోటు లేదండీ’ అని చెప్పాలి. ఫోస్టర్ చేసేవాళ్లు అలా ఒక్కొక్కరే ఒక్కో కుక్కని ఉంచేసుకుని ఆగిపోవడం చాలాసార్లు చూశాను. మా వాళ్లు దాన్ని ‘ఫోస్టర్ ఫెయిల్’ అని ముద్దుగా అంటారు. ఆ కుక్కకి మంచే జరిగింది, కాదనను. కానీ ఊళ్లో ఫోస్టర్ ఇళ్లే తక్కువ, వాటిలో ఒకటి తగ్గింది.

మీ ఇంట్లో చోటుండి, మనసుండి, కుక్కని పెంచుకోవాలని ఎప్పట్నుంచో అనుకుంటూ కూడా ‘నువ్వే ఉంచేసుకో’ అంటే, ఇక నేనేం మాట్లాడను?

సరే, తీసుకుంటామని వచ్చేవాళ్ల సంగతి చెప్తాను. పెళ్లిచూపులకి వచ్చినట్టే ఉంటుంది వరస. మొదటి ప్రశ్న, జాతి ఏంటండీ? ఇండీ, అంటే మన నాటు కుక్క, అనగానే గొంతు మారిపోతుంది. రెండోది, ఆడదా? ఆడదైతే పిల్లల్ని పెడుతుందని భయం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది, గుర్తుగా చెవి కొస కత్తిరించి ఉంది చూడండి అని చూపించినా, ‘అయినా మగదైతే బాగుండు’ అంటారు. ఇక రంగు. ‘నల్లగా ఉందే, తెల్లది కానీ గోధుమ రంగుది కానీ లేదా?’ పిల్లల ముందే ఈ మాట అనే తల్లిదండ్రుల్ని చూస్తే నాకు కుక్క కన్నా ఆ పిల్లల గురించే ఎక్కువ బాధేస్తుంది. చివరికి, ‘రెండేళ్ల కుక్కా? చిన్న పిల్ల అయితేనే మనకి అలవాటవుతుంది.’

ఈ ఆఖరి మాట పూర్తిగా తప్పు. కుక్కపిల్ల అంటే ఇల్లంతా పాస్ పోయడం, చెప్పులు కొరకడం, రాత్రిళ్లు ఏడుపు, వరసగా వ్యాక్సిన్లు. పెద్దయ్యాక దాని స్వభావం ఎలా ఉంటుందో ఎవరూ ముందే చెప్పలేరు. పెద్ద కుక్క విషయంలో దాచడానికి ఏమీ ఉండదు. కాటుక పిల్లలతో ఎలా ఉంటుంది, పిల్లిని చూస్తే ఏం చేస్తుంది, ఒంటరిగా ఎంతసేపు ఉండగలదు, అన్నీ మాకు తెలుసు, ఉన్నదున్నట్టు చెప్తాం. కుక్కర్ విజిల్‌కి దివాన్ కింద దూరుతుంది. టపాకాయలకి వణుకుతుంది. బయటికి తీసుకెళ్లేదాకా ఇంట్లో చుక్క పోయదు. ఇవన్నీ తెలిసిన కుక్కని పెంచుకోవడం తేలికా, ఏమీ తెలియనిదాన్ని పెంచుకోవడం తేలికా?

‘ఫామ్‌హౌస్‌కి కాపలా కావాలి, ఇస్తారా’ అని అడిగేవాళ్లకి మాత్రం ఇవ్వం. గొలుసుకి కట్టేసి, వారానికోసారి యజమాని వచ్చే చోట, వాచ్‌మన్ పెట్టింది తిని బతకడానికి కాదు దాని కాలు అతికించింది.

తీసుకెళ్లి వెనక్కి తెచ్చేవాళ్లు ఇంకో రకం. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అనలేదు. బొచ్చు రాలుతోంది, ఇంటి ఓనర్ వద్దన్నాడు, పెళ్లి కుదిరింది, కోడలు నీళ్లోసుకుంది, వీసా వచ్చింది. ఓనర్ ఒప్పుకుంటాడో లేదో కుక్కని తీసుకెళ్లే ముందు అడగాలి కదా. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సంగతికొస్తే, పెంపుడు కుక్కల్ని అసలు ఉంచుకోకూడదని నిషేధించే హక్కు వాటికి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. వాచ్‌మన్ చేత చెప్పించినంత మాత్రాన భయపడిపోనక్కర్లేదు.

అమెరికా వెళ్లేవాళ్లకి ఒక మాట. కుక్కని తీసుకెళ్లడం కుదరదనుకుని, చాలామంది వాకబు చేయకుండానే వదిలేస్తున్నారు. కుదురుతుంది. 2024 ఆగస్టు నుంచి అక్కడి రూల్స్ మారాయి. కుక్కకి ఆరు నెలలు నిండాలి, ఒంట్లో గుర్తింపు మైక్రోచిప్ ఉండాలి, రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో మనం ఉన్నాం కాబట్టి ఇక్కడ టీకా వేసిన కుక్కకి అదనంగా కాగితాలూ, దిగాక పరీక్ష చేసే కేంద్రంలో ముందస్తు బుకింగూ కావాలి. రేబిస్ యాంటీబాడీల రక్తపరీక్ష ముందే చేయించుకోకపోతే అక్కడ 28 రోజులు క్వారంటైన్‌లో ఉంచుతారు. ఖర్చు తక్కువేం కాదు, టెన్షన్ కూడా. కానీ వీసా స్లాట్ కోసం నెలల తరబడి రాత్రిళ్లు మేలుకున్న మనిషికి ఈ కాగితాలు చేయించడం చేతకాదంటే నేను నమ్మను.

ఇంకో రకం కోపం కూడా నాకు ఎదురవుతుంది. ‘మీ కుక్కల ప్రేమ వల్లే జనం చస్తున్నారు’ అని. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లాణ్ణి కుక్కలు పొట్టన పెట్టుకున్నాయి. ఆ వీడియో నేను పూర్తిగా చూడలేకపోయాను. ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి జంతుప్రేమ గురించి మాట్లాడే అర్హత ఎవరికీ లేదు. ఆ భయం నిజం, ఆ కోపం న్యాయం. అందుకే చెప్తున్నాను, టీకా వేయించి, ఆపరేషన్ చేయించి, ఒక ఇంటికి చేర్చిన ప్రతి కుక్కా వీధిలో ఒకటి తగ్గినట్టే. కుక్కలంటే పడనివాళ్లు కూడా దత్తతని సమర్థించాలి, వాళ్లకి కావలసింది కూడా అదే.

సుప్రీంకోర్టు తీర్పుల మీద 2025లో ఎంత గొడవైందో అందరికీ గుర్తుంది. ఆగస్టు 11న ఢిల్లీ చుట్టుపక్కల వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమన్నారు. 22న దాన్ని సవరించి, టీకాలు, ఆపరేషన్లు చేసి ఎక్కడివక్కడ వదలమన్నారు, రేబిస్ ఉన్నవీ మీదపడి కరిచేవీ తప్ప. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల దగ్గరి వాటిని పట్టుకెళ్లి తిరిగి అక్కడ వదలొద్దన్నారు. టీవీల్లో రెండు వర్గాలూ అరుచుకున్నాయి. కానీ ఆగస్టు 22 నాటి ఉత్తర్వులోనే ఇంకో మాట ఉంది, ఇష్టమున్నవాళ్లు మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టుకుని వీధి కుక్కని దత్తత తీసుకోవచ్చని, అలా తీసుకున్నది మళ్లీ రోడ్డెక్కకుండా చూసే బాధ్యత వాళ్లదేనని. దాని గురించి ఎవరూ చర్చ పెట్టలేదు. పట్టుకెళ్లిన కుక్కలు ఎక్కడ ఉండాలి అన్న ప్రశ్నకి షెల్టర్ ఒక్కటే జవాబైతే, గోడలు కట్టడానికే ఏళ్లు పడుతుంది. ఇళ్లు మాత్రం ఇప్పటికే కట్టి ఉన్నాయి.

కాటుక ఎలా తింటుందో చెప్తాను. గిన్నె పెడితే వెంటనే ముట్టదు. మనం వెనక్కి జరగాలి. గోడకి ఒళ్లు ఆనించి, ఒక్కో ముద్దకీ తలెత్తి, ఎవరైనా వస్తున్నారా అని చూస్తుంది. వచ్చిన కొత్తలో అయితే అన్నం నోట కరుచుకుని మూలకి పోయి అటు తిరిగి తినేది. ఇప్పుడు నేను అదే గదిలో కూర్చున్నా తింటుంది, పెరుగన్నమైతే గిన్నె నాకి నా వైపు జరుపుతుంది కూడా. ఇల్లు మారితే ఈ భయం మళ్లీ కొంత మొదటికొస్తుంది. రెస్క్యూ వాళ్లు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని లెక్క చెప్తారు. మొదటి మూడు రోజులు బెదురు, మూడు వారాలకి ఇంటి పద్ధతి అర్థమవుతుంది, మూడు నెలలకి ఇది నా ఇల్లు అనుకుంటుంది. నాలుగో రోజున ఫోన్ చేసి ‘మాతో కలవట్లేదండీ, తీసుకెళ్లిపోండి’ అనేవాళ్లు ఇది చదవాలని రాస్తున్నాను.

అందుకే మేం అన్ని ప్రశ్నలు అడుగుతాం. ఇల్లు చూస్తామంటే, ఆధార్ కాపీ అడిగితే, ఊరెళ్తే కుక్కని ఎవరు చూస్తారంటే కొందరికి అవమానంగా ఉంటుంది. ‘ఊరకుక్కకి ఇంత బిల్డప్పా’ అని మొహం మీదే అన్న ఆయన ఒకరున్నారు. మీ ఇంటి పిల్లని ఎవరింటికైనా పంపేటప్పుడు మీరు అడగరా? దానికి నోరు లేదు, దాని తరఫున ఎవరో ఒకరం అడగాలి. మమ్మల్ని తిట్టుకున్నా పర్లేదు.

కాటుక నడుస్తోంది, పరుగెత్తుతోంది కూడా, కాస్త కుంటు మాత్రం ఉండిపోతుందని డాక్టర్ చెప్పారు. మెట్లు ఎక్కువ లేని ఇల్లు, రోజూ రెండుసార్లు బయట తిప్పే మనిషి, రాత్రి ఇంటి లోపల పడుకోనిచ్చే కుటుంబం కావాలి. అద్దె ఇల్లైనా ఫర్లేదు, ఓనర్‌తో మాట్లాడి రండి. ఇంట్లో పెద్దవాళ్లతో సహా అందరూ సరేనన్నాకే మెసేజ్ పెట్టండి, వచ్చేటప్పుడు పిల్లల్ని కూడా వెంట తీసుకురండి. పెంచుకోవడం కుదరదు కానీ ఒక గది కొన్నాళ్లు ఇవ్వగలం అనుకుంటే అదీ చెప్పండి. కాటుక వెళ్లేదాకా ఆగలేని కుక్కలు ఇంకా ఉన్నాయి.