800 మిల్లీ ఆయిల్ పోస్తే 520 వచ్చింది, మిగతాది నేను తిన్నానట

పొద్దున్నుంచి కోపం తగ్గడం లేదు. ఇరవై రెండేళ్లుగా బైకుల మెకానిక్ షెడ్డు నడుపుతున్నాను. నా షెడ్డులోనే నిలబడి నన్ను దొంగ అన్నవాడు ఇంతవరకు లేడు. ఈరోజు ఆ ముచ్చటా తీరింది.

కుర్రాడు మనకు తెలిసినవాడే. వాళ్ల నాన్న పదిహేనేళ్లుగా నా దగ్గరికే వస్తాడు. బండి పాత 100 సీసీది, అరవై వేల కిలోమీటర్లు దాటింది. ఆయిల్ మార్చమన్నాడు. డ్రెయిన్ నట్టు విప్పి ట్రేలోకి వదిలాను. ట్రే ఖాళీ చేయబోతుంటే ఆగమని, సంచిలోంచి కొలత గీతలున్న బాటిల్ తీశాడు. ఇంటి దగ్గరనుంచే తెచ్చుకున్నాడు! గరాటు పెట్టి పోయించి, గీత చూసి, "అన్నా, పోయినసారి 800 మిల్లీ పోశావు. ఇక్కడ 520 ఉంది. మిగతా 280 ఏది?" అన్నాడు. నలుగురు కస్టమర్లు ఉన్నారు. పని నేర్చుకుంటున్న మా పిల్లాడు తల దించుకుని పానాలు తుడుస్తూ కూర్చున్నాడు. వాడి ముందు ఆ మాట పడటమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఒరే నాయనా, ఇంజిన్ అంటే గిన్నె కాదు, వంచగానే ఖాళీ అవడానికి. లోపల ఆయిల్ దారులుంటాయి, గేర్ల సందులుంటాయి, క్లచ్ ప్లేట్ల మధ్య పట్టుకునేది ఉంటుంది, పైన హెడ్‌లో నిలిచేది ఉంటుంది. నూనె డబ్బా బోర్లించి పెడితే మర్నాటికి కూడా గోడకు జిడ్డు మిగలదా? అందులోనూ బండి రాత్రంతా చలికి బయట ఉంది. టైమ్ లేదని తొందరపెట్టి చల్లటి ఇంజిన్‌లోనే విప్పించాడు. ఐదు నిమిషాలు ఇంజిన్ ఆడించి విప్పితే ఇంకాస్త దిగేది. అప్పుడు కూడా మొత్తం రాదు. అందుకే బండితో ఇచ్చిన పుస్తకంలో రెండు కొలతలు రాసి ఉంటాయి: ఆయిల్ మార్చినప్పుడు ఇంత, ఇంజిన్ పూర్తిగా విప్పి బిగించినప్పుడు అంత. రెండోది ఎప్పుడూ ఎక్కువే. తేడా కంపెనీవాళ్లే అచ్చువేసి ఇచ్చారు. ఆ పుస్తకం కవరు కూడా విప్పి ఉండడు.

ఇక మిగతాది కాలిపోయింది. 4,200 కిలోమీటర్లు తిప్పాడు. వాల్వ్ సీళ్లంటే హెడ్‌లోని ఆయిల్‌ను పెట్రోల్ మండే చోటికి దిగకుండా ఆపే రబ్బరు ముక్కలు; అవి గట్టిపడితే రాత్రంతా ఆయిల్ చుక్క చుక్క లోపలికి దిగుతుంది, పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగై పోతుంది. పిస్టన్ రింగులు అరిగితే యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా పోతుంది. ఎనిమిది నెలల కింద ఇదే కుర్రాడికి ఆ పొగ చూపించి చెప్పాను, సీళ్లు మార్చుకో అని. "వచ్చే నెల చూద్దాం అన్నా" అన్నాడు. కొత్త కార్ల పుస్తకాల్లోనే కొన్ని కంపెనీలు వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా తగ్గొచ్చని రాస్తాయి. అక్కడ తగ్గితే మామూలు, నా దగ్గర తగ్గితే దొంగతనం!

అసలు పోసినదానికంటే ఎక్కువ వస్తే భయపడాలి. కార్బ్యురేటర్‌లోంచి పెట్రోల్ కారి ఆయిల్‌లో కలుస్తోందన్నమాట. ఆయిల్ పలచనై, పెట్రోల్ వాసన కొట్టి, చివరికి ఇంజిన్ పట్టేస్తుంది. అలాంటి బండి వచ్చిన రోజు నాకు నిద్ర పట్టదు.

పోయినసారి ఆయిల్ పోసినప్పుడు ఈ కుర్రాడు ఎక్కడున్నాడో చెప్పనా? రోడ్డు మీద ఫోన్ మాట్లాడుతున్నాడు. డబ్బా సీలు తీసేటప్పుడు పిలిచాను, చెయ్యి ఊపాడు. డబ్బాలో మిగిలిన కాస్త ఆయిల్‌కు మూత బిగించి నేనే చేతిలో పెట్టి పంపాను. నా షెడ్డులో ఖాళీ అయిన ప్రతి డబ్బాకూ స్క్రూడ్రైవర్‌తో బొక్క పెడతాను, దొంగ ఆయిల్ నింపి అమ్మేవాళ్లకు దొరక్కుండా. సెంట్రింగ్ రేకులకు రాయడానికి పాత ఆయిల్ అడిగేవాళ్లు వస్తారు, వాళ్లకూ లెక్కగానే ఇస్తాను. అలాంటి నన్ను 280 మిల్లీ కోసం అడిగాడు.

షోరూమ్‌లో అద్దం వెనక బండి పెట్టుకుంటారు. ఏం విప్పారో, ఎంత పోశారో మీకు కనపడదు. బిల్లులో అర్థం కాని లైన్లు నాలుగుంటాయి, నోరెత్తకుండా కార్డు గీకుతారు. మా దగ్గర మాత్రం కళ్ల ముందు చేసిన పనికి యాభై రూపాయలు తగ్గించమని అరగంట బేరం. చేతులకు మసి ఉంటే దొంగేనా? మాలాంటి షెడ్డు వాళ్లందరికీ ఈ మంట తెలుసు.

అనుమానం ఉంటే పోసేటప్పుడు పక్కన నిలబడండి, సంతోషిస్తాను. నెలకు రెండుసార్లు మెయిన్ స్టాండ్ వేసి గేజు, అంటే ఆయిల్ ఎంతుందో చూపే గీతల పుల్ల, చూసుకోండి. ఇంజిన్ కాసేపు ఆడించి, ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి, గేజు తుడిచి పెట్టాలి. ఈ బండికైతే మర బిగించకుండా ఊరికే ఆనించాలి. రెండు గీతల మధ్య ఉంటే సరి. ఈ కుర్రాడు అది ఒక్కసారి చేసి ఉంటే తగ్గుతోందని తనకే తెలిసేది.

బాటిల్ అలాగే పట్టుకుపోయాడు, వాళ్ల నాన్నకు చూపిస్తానని. ఆయన రేపు వస్తానని ఫోన్ చేశాడు. రమ్మన్నాను. పొద్దున్నే, ఇంజిన్ వేడెక్కకముందే, బండిని నడిపించుకుని రమ్మన్నాను. కిక్ నేను కొడతాను, ఆయన సైలెన్సర్ వెనక నిలబడితే చాలు.