పశువుల కొట్టానికి వాసాలు: ముందు మాదిరి, తర్వాతే రంపం

పెంకుల కొట్టం వేసేటప్పుడు వాసాన్ని పైకి చేరేసి, కంటితో చూసి, అక్కడే గీత గీసి కోసే పద్ధతి ఊళ్లలో ఇంకా నడుస్తోంది. దయచేసి ఇది మానండి. ఇంతకన్నా పెద్ద తప్పు ఇంకోటుంది, కోసిన వాసాన్నే తర్వాతదానికి కొలతగా పెట్టడం. ఒక్కోదానికి ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) తేడా వచ్చినా ఇరవయ్యో వాసానికి దాదాపు రెండున్నర అంగుళాలు పోతాయి. చూరు వంకర తిరుగుతుంది, రీపర్లు (పెంకులు ఆనే అడ్డ చెక్కలు) సమంగా కూర్చోవు, పెంకుల మధ్య సందులు పడి వాననీళ్లన్నీ గడ్డి మీదే.

లెక్క కష్టమేం కాదు. గోడపట్టె (గోడ మీద వాసాలు కూర్చునే చెక్క) బయటి అంచు నుంచి బయటి అంచుకి 16 అడుగుల కొట్టం అనుకోండి. సగం 8. పట్టె నుంచి వెన్ను దాకా ఎత్తు 6 పెడితే వాసం సరిగ్గా 10 అడుగులు. పునాది మూలలు చూడ్డానికి మేస్త్రులు పట్టే 3-4-5 లెక్కే ఇది. అడుగుకి 9 అంగుళాల వాలు, దాదాపు 37 డిగ్రీలు. మంగళూరు పెంకుకి చక్కగా సరిపోతుంది. పెంకు ఖర్చు తగ్గుతుందని వాలు బాగా తగ్గించేస్తే ఎదురుగాలి వానకి పెంకు అతుకుల్లోంచి నీళ్లు ఎగదన్నుతాయి.

చూరు 2 అడుగులు బయటికి రావాలంటే వాసం మీద 30 అంగుళాలు కలపాలి. మొత్తం పన్నెండున్నర అడుగులు, కాబట్టి 13 అడుగుల కర్ర కొనండి. చాలామంది మర్చిపోయేది ఇక్కడే: ఆ చూరు గోడపట్టె కన్నా అడుగున్నర పైనే కిందికి దిగుతుంది. పట్టె 7 అడుగుల ఎత్తులో ఉంటే చూరు మనిషి నుదుటికి తగులుతుంది. పట్టెను 8 అడుగులకి లేపండి.

ఇక గీతలు. ఉన్నవాటిలో తిన్నని కర్ర ఒకటి ఏరి, దాన్ని మాదిరిగా పెట్టుకోండి. మూలమట్టం ఒక చేతి మీద 12, ఇంకో చేతి మీద 9 అంగుళాల గుర్తుల్ని వాసం పైఅంచుకి ఆనించండి. 9 వైపు గీసేది నిలువు గీత, 12 వైపు గీసేది మట్టం గీత. చేతులు తారుమారైతే వాలు 53 డిగ్రీలైపోతుంది, కర్ర పాడు. పైకొసన నిలువు గీత గీసి, పైఅంచు మీదుగా 10 అడుగులు కొలిచి రెండో నిలువు గీత గీయండి. మొదటి గీత వెన్నుగాడి (కొప్పు పొడవునా రెండు వైపుల వాసాలూ ఆనే చెక్క) నడిమికి లెక్క. గాడి అంగుళంన్నర మందమైతే ముప్పావంగుళం వెనక్కి జరిపి కోయాలి. ఆ ముప్పావు గీతకి లంబంగా కొలవాలి, వాసం వాలు వెంట కాదు.

రెండో గీత మీద కిందిఅంచు నుంచి అంగుళంన్నర పైకి ఒక చుక్క. అక్కడి నుంచి వెన్ను వైపుకి మట్టం గీత గీస్తే 2 అంగుళాల కూర్చునే గాటు వస్తుంది. 4 అంగుళాల వాసంలో అది లోపలికి తినేది 1.2 అంగుళాలే. మూడో వంతు దాటనివ్వకండి. రంపం గాటు మూల దాటి లోపలికి పోతే చీలిక సరిగ్గా అక్కడే మొదలవుతుంది, కాబట్టి చివరి ముక్కని ఉలితో తీయండి. ఈ కొలతలకి వెన్నుగాడి పైఅంచు గోడపట్టె మీది నుంచి 6 అడుగుల 3 అంగుళాల దగ్గర నిలుస్తుంది.

మాదిరికి జత కోసి, రెంటి మధ్యా వెన్నుగాడి ముక్క పెట్టి నేల మీద పరిచి చూడండి. రెండు గాట్ల నిలువు గీతల మధ్యా 16 అడుగులు వచ్చాకే మిగతావి. మాదిరి మీద రంగుతో గుర్తు పెట్టి, అన్నింటినీ దాంతోనే గీసి, దాన్ని ఆఖరున పైకెక్కించండి. ప్రతి కర్రకీ కాస్త వంపుంటుంది, ఆ వీపు పైకి రావాలి. తాటి వాసాలైతే మందం ఎక్కడికక్కడ మారుతుంది, అంచుని నమ్మలేం. రంగుదారం కొట్టి ఆ గీత నుంచే కొలవాలి.

చూరు కొస మాత్రం ముందే కోయకండి. పదకొండు పెంకులు వాలు వెంట వరుసగా కలిపి పరిచి, మొదటిదాని కింది అంచు నుంచి పదకొండోదాని కింది అంచు దాకా, ఒకసారి లాగి, ఒకసారి దగ్గరికి నొక్కి కొలవండి. రెంటి సగటుని పదితో భాగిస్తే అదే రీపరు దూరం. పెంకు వరుసలు నిండుగా వచ్చేలా చూసుకుని, దారం లాగి, అన్ని కొసలూ ఒక్క గీతలో కోయండి.

4×2 వాసానికి 10 అడుగులు ఎక్కువే, నడిమిన కింద అడ్డపట్టె లేకపోతే కుంగుతుంది. వాసాలు గోడల్ని బయటికి తోస్తాయని కూడా మర్చిపోవద్దు. ప్రతి నాలుగో జతకి గోడపట్టె మట్టంలో అడ్డదూలం కట్టండి. దాని మీద గడ్డిమోపులు పేర్చే అలవాటుంటే దూలం మందం ఆ బరువుకి తగ్గట్టు ఎంచండి.

కోస్తా రైతులకి ఇంకో మాట. 2014 అక్టోబరులో విశాఖ మీదికి హుద్‌హుద్ తుఫాను వచ్చింది. అలాంటి గాలి చూరు కింద దూరి కప్పుని పైకెత్తుతుంది. గాటులో దిగిన మేకు కిందికి తోసే బరువుకే పనికొస్తుంది, పైకి లాగితే ఊడొస్తుంది. ప్రతి వాసాన్నీ గోడపట్టెకి జీఐ పట్టీతోనో మందపాటి తీగతోనో బిగించండి, ఆ పట్టెని స్తంభాలకి బోల్టుతో పట్టించండి.