ముందెవరు, వెనకెవరు: మంచు మీద దాంపత్య పరిపాలన

‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్న సామెతను జనం వెక్కిరింపుగా వాడతారు. నా దృష్టిలో ముందుచూపుకి అంతకన్నా మంచి నిర్వచనం లేదు. చలికాలం మొదలవకముందే, ఫిబ్రవరిలో పడబోయే మంచు మీద అయిదు రోజుల స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) టూర్‌కి, నాలుగు రాత్రులకి నాలుగు ఊళ్లలో గదులు బుక్ చేసి కూర్చున్నవాణ్ని నేను. సోమలింగానికి గది దొరికింది. మంచు ఇంకా పుట్టాలి.

భార్యాభర్తలు మంచులో బండి తోలుకుంటూ ఊరూరూ తిరగడం తెలియనివాళ్లకి సరదాగా కనిపిస్తుంది. నిజానికది పరిపాలన. హద్దులు, వనరులు, అధికార పంపిణీ, అత్యవసర పరిస్థితి అన్నీ ఉన్నాయి అందులో. లేనిదల్లా ప్రతిపక్షానికి వాకౌట్ చేసే సౌకర్యం. మైనస్ 20 డిగ్రీల్లో ఎవరూ వాకౌట్ చెయ్యరు.

యంత్రం కనిపెట్టినవాళ్లు వాళ్ల పని ఎప్పుడో చేసేశారు. విస్కాన్సిన్‌లోని సేనర్ అనే ఊళ్లో కార్ల్ ఎలియాసన్ 1924లో చెక్క స్లెడ్‌కి, అంటే మంచు మీద జారే బండికి, మోటారు బిగించాడు. కెనడాలోని క్యూబెక్‌లో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియర్ 1959లో స్కీ-డూ అనే స్నోమొబైల్‌ని మార్కెట్లోకి తెచ్చి ఆ బండిని మామూలు జనానికి అందించాడు. ఎలియాసన్‌కి పాదంలో లోపం ఉండేది. వేటకెళ్తే స్నేహితులతో సమానంగా మంచులో నడవలేకపోయేవాడు. అంటే ఒక మనిషి వెనకబడిపోకుండా ఉండటానికి పుట్టిన యంత్రం ఇది. పాఠకులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఎందుకంటే జంట టూర్ ప్లానింగులో వచ్చే ప్రశ్నలన్నీ, ఎంత చుట్టు తిరిగినా, ముందెవరు వెనకెవరు అన్న దగ్గరికే వచ్చి ఆగుతాయి.

మొదటి ప్రశ్న: ఒక బండా, రెండు బండ్లా? ఇద్దరు కూర్చునే ‘టూ-అప్’ బండి ఒకటుంది. బండిని నెట్టే పట్టా, అంటే ట్రాక్, కాస్త పొడుగు, వెనక సీటుకి వీపు ఆనుకునే దిండు, వెనక కూర్చున్నవాళ్ల చేతులకి కూడా వెచ్చటి పిడులు. అర్ధాంగి అన్న మాటకి సీటు రూపంలో భాష్యం చెప్పిన యంత్రమని నేను దాన్ని మెచ్చుకున్నాను. ఒక్క బండి అంటే ఒక్క ట్యాంకు, ఒక్క పర్మిట్, ఒక్క నిర్ణయం అని కూడా వివరించాను.

“వెనక కూర్చుంటే ఏం కనిపిస్తుంది?” అని అడిగింది మా ఆవిడ.

నిజాయితీగా చెప్పాలంటే నా జాకెట్టు వీపు కనిపిస్తుంది. రోజుకి 200 కిలోమీటర్లు వేసుకున్నా, అయిదు రోజులు, మొత్తం 1000 కిలోమీటర్ల మేర వీపు. పైగా మలుపు వచ్చినప్పుడల్లా ముందున్నవాళ్లు ఎటు ఒరిగితే వెనకున్నవాళ్లూ అటే ఒరగాలి. లేకపోతే బండి మాట వినదు. ఈ ఏర్పాటులో నాకు తప్పేమీ కనిపించలేదు. “అయితే ముందు నేను కూర్చుంటాను, మీరు ఒరగండి” అంది ఆవిడ. అప్పుడు కనిపించింది.

రెండు బండ్లు తీసుకోవాలని ఆ సాయంత్రమే ఏకగ్రీవంగా తీర్మానించాం. ఒకటి చెడిపోతే రెండోది ఉంటుంది, అడవి మధ్యలో సాయం కోసం ఎదురుచూస్తూ గడ్డకట్టక్కర్లేదు అన్నది అధికారికంగా నమోదైన కారణం. అది మంచి కారణమే. తీర్మానానికి ముందు మాకెవరికీ తట్టలేదు, అంతే.

తర్వాత దూరం. రోజుకి 300 కిలోమీటర్లు అన్నాను నేను. 150 అంది ఆవిడ. గంటకి 60 వేసుకుంటే 300 కిలోమీటర్లు అయిదు గంటల పని అని కాగితం మీద చూపించాను. కాగితం మీద మలుపులుండవు, పెట్రోల్ బంకులో క్యూ ఉండదు, గాగుల్స్‌కి పట్టిన ఆవిరి తుడుచుకోవడానికి ఆగక్కర్లేదు, నాలుగున్నరకే చీకటి పడదు. ఇంకో చిక్కు చలి. గాలి లేనప్పుడు మైనస్ 20 ఉంటే, గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవాడి ఒంటికి అది సుమారు మైనస్ 36లా తగులుతుంది. వేగం పెంచితే త్వరగా చేరుతాం కదా అన్నాను. త్వరగా గడ్డకడతాం కూడా అని జవాబొచ్చింది.

పొద్దున ఎన్నింటికి బయల్దేరాలన్న దగ్గర మాత్రం నేనే గెలిచాను. గ్రూమర్ అనే యంత్రం సాధారణంగా రాత్రిపూట ట్రయల్‌ని, అంటే స్నోమొబైళ్లు వెళ్లే మంచు దారిని, చదును చేస్తుంది. పొద్దున్నే వెళ్తే పరుపు మీద జారినట్టు ఉంటుంది. మధ్యాహ్నానికి మనలాంటివాళ్లందరూ తొక్కి గతుకులు చేసేస్తారు. నడుం నొప్పి అన్న మాట వినగానే చర్చ ముగిసింది. నా దాంపత్య జీవితంలో వాదన నెగ్గిన సందర్భాలు తక్కువ కాబట్టి దీన్ని రికార్డుల్లో ఉంచుతున్నాను.

పెట్రోలు దగ్గర మళ్లీ ఓడాను. మా బండి ట్యాంకులో 40 లీటర్ల దాకా పడుతుంది. మామూలు ట్రయల్ మీద 180 కిలోమీటర్లు వస్తుందనుకోండి. మా మ్యాపులో రెండో రోజు బంకుకీ బంకుకీ మధ్య సరిగ్గా 180 కిలోమీటర్లు. లెక్క సరిపోయిందని నేను సంతోషించాను. ఇంట్లో నెల జీతం కూడా లెక్కలో ఎప్పుడూ సరిపోతూనే ఉంటుందని ఆవిడ గుర్తు చేసింది. కొత్త మంచు మెత్తగా పడితే బండి తాగుడు పెరుగుతుంది. దారి తప్పి అయిదు కిలోమీటర్లు వెనక్కి రావలసి వస్తే ఆ అయిదూ రెండుసార్లు లెక్క. “దారి తప్పడం ప్లాన్‌లో లేదు” అన్నాను. ఆవిడ నావంక చూసిన చూపు ప్లాన్‌లో ఉందో లేదో తెలియదు.

సామాన్ల సంగతి త్వరగా తేలిపోయింది. కాటన్ బట్టలు నిషిద్ధం, చెమట పీల్చుకుని ఒంటికి అంటుకుని చలి పుట్టిస్తాయి కాబట్టి. ఊలు మాత్రమే. రెండో జత గ్లవ్స్, అదనపు డ్రైవ్ బెల్ట్ తప్పనిసరి. బెల్ట్ తెగితే ఇంజను గొంతు చించుకుంటుంది గానీ బండి కదలదు. సమావేశాల్లో ఇలాంటి ఇంజన్లను చాలా చూశాం.

యంత్రంలో నాకు అన్నిటికన్నా నచ్చినవి రెండు. ఒకటి జాకెట్టుకి తగిలించుకునే తాడు. మనిషి కిందపడితే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. రెండోది రివర్స్. చాలా టూ-స్ట్రోక్ బండ్లలో వెనక్కి వెళ్లడానికి వేరే గేరు లేదు. బటన్ నొక్కితే ఇంజను వేగం తగ్గించుకుని, తిరిగే దిశనే మార్చుకుని ఎదురు తిరుగుతుంది. ఇంత శబ్దం చేసే యంత్రం ఒక్క బటన్‌తో తన మాట వెనక్కి తీసుకోవడం చూసి నేను కాసేపు మౌనంగా ఉండిపోయాను.

గడ్డకట్టిన చెరువుల మీద అడ్డదారి సంగతి వచ్చినప్పుడు ‘గట్టిగానే ఉన్నట్టుంది’ అన్న పదాన్ని మా ఒప్పందంలోంచి కొట్టేశాం. అది కొలత కాదు. స్నోమొబైల్‌కి 5 నుంచి 7 అంగుళాల స్వచ్ఛమైన గట్టి మంచుగడ్డ కావాలంటారు. అది కూడా ఆ చోట కొలిచి చూస్తేనే.

ఎక్కడికన్నది కూడా ముందు-వెనక సమస్యే. క్యూబెక్‌లో 30,000 కిలోమీటర్లకు పైగా ట్రయల్స్ ఉన్నాయి, అంటే దారి తప్పడానికి కొరత లేదు. అమెరికాలో యెల్లోస్టోన్ పార్కులోకి స్నోమొబైల్ మీద వెళ్లాలంటే గైడ్ అయినా ఉండాలి, లాటరీలో పర్మిట్ అయినా తగలాలి. గైడ్ అంటే ముందు వెళ్లే మూడో మనిషి. ఇక మా ఇద్దరిలో ముందెవరన్న తగాదాయే ఉండదు. ప్రభుత్వాలకి సంసారాల గోడు పట్టదనేవాళ్లు దీన్ని గమనించాలి.

1968లో రాల్ఫ్ ప్లేస్టెడ్ అనే మినెసోటా ఇన్సూరెన్స్ ఏజెంటు స్నోమొబైళ్ల మీద ఉత్తర ధ్రువం చేరాడు. అంతకుముందు ఏడాది ప్రయత్నించి విఫలమై, మళ్లీ వెళ్లి, ఏప్రిల్ 19న సాధించాడు. ధ్రువం దాకా వెళ్లిన జట్టులో ఉన్నది నలుగురు మగవాళ్లు. ఒక్క జంట కూడా లేదు. తిరుగు ప్రయాణం విమానంలో. దీన్నుంచి శాస్త్రీయమైన నిర్ధారణలు చెయ్యడానికి నేను సాహసించను. మా ఆవిడ చేసింది. ముందువాడు ఇన్సూరెన్స్ తెలిసినవాడైతే తాను వెనక వెళ్లడానికి సిద్ధమేనట.

రెండు బండ్లున్నాక ఇక మిగిలింది ముందెవరు వెనకెవరు అన్న మాట ఒక్కటే. ముందున్నవాళ్ల బండి లేపే మంచు ధూళిలో వెనకున్నవాళ్లకి ఏమీ కనిపించదు. అందుకని దూరం పాటించాలి. దూరం పాటిస్తే ముందున్నవాళ్లకి వెనక ఎవరున్నారో తెలియదు. హెల్మెట్లలో ఇంటర్‌కమ్ ఉంది గానీ చలికి బ్యాటరీ ముందు చచ్చేది దానిదే. కాబట్టి దారి చీలిన ప్రతిచోటా ముందువాళ్లు ఆగి, వెనకవాళ్లు కనిపించాకే కదలాలని నియమం. ఎదురొచ్చే బండ్లకి చేత్తో సైగ చెయ్యడం ఇంకో నియమం. వెనక ఎన్ని బండ్లున్నాయో అన్ని వేళ్లు చూపించాలి. ఆఖరివాళ్లు పిడికిలి చూపించాలి, ఇక నా వెనక ఎవరూ లేరు అని.

కిందటేడు ఒకపూట రిహార్సల్‌కి వెళ్లినప్పుడు ముందు నేనే. ఎదురొచ్చిన ప్రతి బండికీ గర్వంగా ఒక వేలు చూపించుకుంటూ వెళ్లాను. పన్నెండు బండ్లకి చూపించాక చెయ్యి నొప్పి పుట్టి వెనక్కి తిరిగి చూశాను. ట్రయల్ ఖాళీ. వచ్చిన దారినే తొమ్మిది కిలోమీటర్లు వెనక్కి వెళ్తే, నేను ఆగకుండా దాటేసిన చీలిక దగ్గర, మేం వెళ్లాల్సిన ఊరి బోర్డు కింద, బండి ఆపుకుని నిలబడి ఉంది. నన్ను చూడగానే చెయ్యెత్తి పిడికిలి చూపించింది.

నేను దాన్ని నియమావళి ప్రకారమే అర్థం చేసుకున్నాను.