గార్ఫీల్డ్ ఫోన్ గారికి ఒక నింజా అభిమాని రాయునది

మహారాజశ్రీ గార్ఫీల్డ్ ఫోన్ గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ అంతా క్షేమం. 1985లో వచ్చిన ‘నింజా టెర్మినేటర్’ నిన్న రాత్రి మళ్ళీ చూశాను. మీరెలా ఉన్నారో అని అప్పట్నుంచి ఒకటే టెన్షన్.

అందులో హీరో వాడే ఫోను మీరే కదా, గార్ఫీల్డ్ అనే కార్టూన్ పిల్లి ఆకారంలో చేసిన ఫోను. ఆ సినిమా మొత్తానికి నటన వచ్చింది మీ ఒక్కరికే. మీ వీపే కదా రిసీవరు, హీరో రిచర్డ్ హారిసన్ దాన్ని ఎత్తగానే మీ కళ్ళు రెండూ తెరుచుకుంటాయి. పెట్టేయగానే మూతపడతాయి. పాపం, ఆయన ముఖంలో ఆ మాత్రం మార్పు కూడా కనిపించదు. నింజా సామ్రాజ్యం మీద తిరగబడ్డ వీరుడు, ప్రాణాల మీదికొచ్చిన సంగతిని నారింజరంగు బొమ్మపిల్లి వీపులోకి చెప్పుకుంటాడు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినవాడు ఇతనికన్నా నయం.

అటువైపు ఫోనెత్తేది జాగ్వార్ వాంగ్ అనే పాత్ర. అతను ఉన్నది వేరే సినిమాలో! మామూలు ఫోను వేరే ఊరికి కలుపుతుంది, మీరు వేరే సినిమాకే కలిపారు. హాంకాంగ్‌లో దర్శకుడు గాడ్‌ఫ్రే హో, ఐఎఫ్‌డీ అనే సినిమా కంపెనీ వాళ్ళ వ్యాపారమే అది. కొరియా నుంచో థాయ్‌లాండ్ నుంచో ఒక సినిమా కొనుక్కోవడం, తెల్లవాళ్ళకి నింజా ముసుగులేసి నాలుగు సీన్లు తీయడం, వాటిని మధ్యమధ్యలో ఇరికించడం, మొత్తానికి ఇంగ్లీషు డబ్బింగ్ చెప్పించి వీడియో క్యాసెట్ల మార్కెట్‌లోకి తోలేయడం. ఈసారి దొరికింది కొరియా సినిమా. అందులో కాలెత్తితే తిరుగులేని హ్వాంగ్ జాంగ్ లీ, నెత్తిన బంగారురంగు విగ్గుతో విలన్. హీరోకి ఆయన ఎదురుపడడు. పడాలంటే ఆ సినిమాలోకి వెళ్ళాలి మరి. బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టారు, ఆ ముడి మీ మెలికల వైరు.

హారిసన్‌ది ఇంకో కథ. కొన్ని సినిమాలకే ఒప్పుకున్నాడట. తీసిన ఫుటేజీని తరిగి, కొత్తిమీర చల్లినట్టు బోలెడు సినిమాల్లో చల్లేశారు.

ఒక్క ఫిర్యాదు. నింజా సామ్రాజ్యం తన బెదిరింపులను బొమ్మ రోబో చేత పంపుతుంది. హీరో దగ్గర మీరు, విలన్ దగ్గర అది. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ ఏ కొట్టుకెళ్ళిందో తెలిసిపోయిందండీ, కనీసం ఇద్దరూ వేర్వేరు అరల్లోంచి వచ్చుండాల్సింది.

అన్నట్టు, మీ బంధువుల కబురు తెలిసిందా? ఫ్రాన్స్‌లో బ్రిటనీ తీరానికి 1980ల నుంచీ మీలాంటి ఫోన్లు ముక్కలుముక్కలుగా కొట్టుకొచ్చేవి. 2019లో ఒక సముద్రపు గుహలో వాళ్ళొచ్చిన ఓడ కంటైనర్ ముక్కలు దొరికాయి. ఒకరి వీపు ఒకచోట, ఒకరి చెవి ఒకచోట. గాడ్‌ఫ్రే హో గారు చూసుంటే మధ్యలో ఇద్దరు నింజాలను నిలబెట్టి రిలీజ్ చేసేసేవారు.

ఇట్లు,
మీ అభిమాని

తా.క. ఈ ఉత్తరంలో ఏ పేరా అయినా సంబంధం లేకుండా ఊడిపడ్డట్టు అనిపిస్తే, దానికి ముందు ఫోన్ మోగిందనుకోండి.