కార్డు నంబరు కొట్టేలోపే రేటు మారింది

ఇవాళ, డిసెంబరు 8, 2024న, మావాడు చదివే ఎస్‌ఎంయూకి (సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ) అమెరికన్ ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌లో, అంటే కాలేజీ టైటిల్ కోసం జరిగే నాకౌట్ పోటీల్లో, చోటు దక్కింది. 21న పెన్సిల్వేనియాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీలో ఆట. చేతిలో 13 రోజులే! డాలస్‌లో కూర్చుని విమానం టికెట్ల కోసం ఫోన్ తెరిచా. కార్డు నంబరు కొట్టేలోపు "ధర మారింది" అని ఎర్ర అక్షరాలు. నిమిషంలో అంత పెంచేస్తారా? పైగా క్రిస్మస్ రద్దీ. ఆ స్టేడియంలో 1,06,000 మందికి పైగా పడతారు, ఊళ్లో విమానాశ్రయం మాత్రం చిన్నది. పోనీ పిట్స్‌బర్గ్‌లో దిగుదామంటే అక్కణ్నుంచి రెండున్నర గంటల కారు ప్రయాణం, అదీ ఈ చలికాలంలో. బ్యాగుకు వేరే, సీటుకు వేరే! నలుగురం పక్కపక్కన కూర్చోవడానికీ డబ్బులేనా? పిల్లాడి కాలేజీ ఆట చూడాలనుకోవడం అంత పెద్ద కోరికా? రాత్రి పదకొండైంది. "నాన్నా, దొరికాయా?" అని వాడు మెసేజ్ పెడుతూనే ఉన్నాడు.