ఫైలు స్వచ్ఛంగా ఉంది, తాగొచ్చు

మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్ల మీద ఒక ప్రభుత్వ సంస్థ ఇచ్చిన శాస్త్రీయ సలహాని పట్టుకుని బెంగళూరులో మా వర్తూరు వైపు జనం నోటికొచ్చినట్టు మాట్లాడుతున్నారు. సంస్థ పేరు చెప్పను, పాపం. కానీ ఆ సలహా నాణ్యతని వాళ్లు ఎంత పకడ్బందీగా చెక్ చేశారో కళ్లారా చూసినవాణ్ని, వాళ్ల తరఫున నాలుగు ముక్కలు రాయకపోతే పాపం తగులుతుంది.

సంగతేంటంటే, మా నీళ్లలో టీడీఎస్, అంటే కరిగిన ఉప్పులూ గట్రా లెక్క, 1,400 వచ్చింది. తాగునీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీళ్లు దొరక్కపోతే మాత్రం 2,000 దాకా సర్దుకోవచ్చు. మాకు కావేరీ పైపు ఇంకా రాలేదు. అంటే వేరే నీళ్లు లేవు, లేవు కాబట్టి ఇవి మంచి నీళ్లే. పైపు వెయ్యకపోవడం కూడా నీటిని శుద్ధి చేసే పద్ధతేనని నాకు అప్పటిదాకా తట్టలేదు.

ఇక సలహా: మరిగించి తాగండి. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఉప్పులు చాలామటుకు అందులోనే ఉంటాయి, నీరు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడతాయి కూడా. ఈ మాట తొమ్మిదో క్లాసు పిల్లాడైనా చెబుతాడు, కానీ వాడికి ఆ సంస్థలో సలహాల్ని చెక్ చేసే క్వాలిటీ సెల్‌లో సీటు లేదు కదా.

సెల్‌లో ఏ సలహా అయినా మూడు చేతులు మారాలి. మొదట రాసినాయనే చదువుకుంటాడు (తా వలచింది రంభ, తా మునిగింది గంగ). తర్వాత పక్క సీటాయన చదువుతాడు, ఆయన రాసింది రేపు ఈయన దగ్గరికే రావాలి గనక ఇద్దరిదీ ఒకటే మాట. ఆఖర్న బయటి నిపుణుడు, అంటే అదే ఆఫీసులో రిటైరై పోయినేడాది దాకా అదే గేటులోంచి లోపలికి వెళ్లిన పెద్దమనిషి. ఆయన రెండు రోజులు కూర్చుని 'మస్ట్' కొట్టేసి 'మే' పెట్టారు. 'మస్ట్' అంటే జనం నిజంగా తాగేస్తారట.

అన్నిటికన్నా నాకు నచ్చింది స్వప్రయోజనాల ఫారం. సదరు నీటితో మీకు ఏ సంబంధమైనా ఉందా అని అడుగుతారు. ముగ్గురూ లేదనే రాశారు, ఇళ్లలో క్యాన్ నీళ్లే తాగుతారు కాబట్టి. మా అసోసియేషన్ నుంచి నేనూ వచ్చి కూర్చుంటానంటే కుదరదన్నారు. "మీరు ఆ నీళ్లే తాగుతారు గదా సార్, నిష్పక్షపాతంగా ఎట్లా ఉంటారు?" అన్నాడు సెల్‌లో ఉన్న హిందూపురం వైపు కుర్రాడు, తెలుగులోనే, ఎంతో మర్యాదగా.

రిపోర్టులో ఇంకో ముత్యం ఉంది. ఈ.కోలై (నీళ్లలో మలం కలిసిందని పట్టిచ్చే క్రిమి) దగ్గర 'ఫలితం రావాల్సి ఉంది' అని, రుచి దగ్గర 'అంగీకారయోగ్యం' అని. నీళ్లు సురక్షితమని తేలాకే రుచి చూడాలని అదే ప్రమాణంలో రాసుంది. మరి ముందే నాలిక పెట్టిన ఆ త్యాగమూర్తి ఎవరో, ఇప్పుడు ఎలా ఉన్నాడో, ఫైల్లో సంతకం మాత్రం గెలికినట్టుంది.

అసలు పనికొచ్చే సలహాలకి ఇంత తతంగం అక్కర్లేదు. 1980ల్లో లక్ష్మణరావు కమిటీ బెంగళూరు చెరువుల్ని కాపాడుకోమని రాసింది, అందులో నాణ్యత లోపం ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు, తెరిస్తే కదా. బెళ్లందూరు చెరువులో 2015లో, 2017లో, 2018లో మంటలు లేచాయి, చివరిసారి ఆర్పడానికి సైన్యమే దిగింది, ఆ రిపోర్టుకి మాత్రం సెగైనా తగల్లేదు.

ఇంతలో మా అమ్మ సొంతంగా ఒక పరిశోధన చేసింది. మదనపల్లిలో నాలుగు విజిల్స్‌కి ఉడికే కందిపప్పు ఇక్కడ బోరు నీళ్లతో తొమ్మిదికీ పలుకు పలుకుగానే ఉంటోంది, అదే క్యాన్ నీళ్లు పోస్తే నాలుగుకే మెత్తబడుతోంది. నీళ్లు గట్టివైతే పప్పు ఉడకదని ఆవిడకి చెప్పిన కమిటీ లేదు. నేను ఉత్సాహం ఆపుకోలేక తేదీలు, విజిల్స్ లెక్క అంతా కాగితం మీద పెట్టి సెల్‌కి పంపాను. పదిహేను రోజులకి జవాబొచ్చింది: పరిశీలన ఆసక్తికరంగా ఉంది, దయచేసి కుక్కర్ క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ జతచేయండి.

వారంటీ కార్డు అయితే ఉండాలి. అటక మీద వెతుకుతున్నాం.