పాత నాణేలకి లక్షలొస్తాయనే వీడియోలు చూసేవాళ్లలో ఎంతమందికి నరహరి శర్మ తెలుసు?

యూట్యూబ్ తెరిస్తే చాలు, "మీ ఇంట్లో ఈ అయిదు రూపాయల బిళ్ల ఉందా? అయితే మీరు లక్షాధికారి!" అని ఒకడు అరుస్తుంటాడు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న బిళ్లకి ఇంత, పాత రూపాయికి అంత అని రేట్లు చెప్తాడు. ఫోన్ చేస్తే ముందు కమిషన్ కట్టమంటారు, తర్వాత ట్యాక్స్ అంటారు. ఇలాంటివాళ్లు తమ పేరు వాడుకుంటున్నారని, నమ్మొద్దని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. అయినా జనం డబ్బులు పంపుతూనే ఉన్నారు. నా కోపం ఆ మోసగాళ్ల మీద కూడా కాదు. తెలుగులో "పాత నాణేల సేకరణ" అని వెతికితే ఈ చెత్త తప్ప ఇంకేమీ కనబడకపోవడం మీద.

ఈ హాబీలో మన దగ్గర చెప్పుకోదగ్గ పేరు ఒకటుంది. సంగనభట్ల నరహరి శర్మ గారు. ధర్మపురి ఆయన ఊరు. గోదావరిలో పెద్దవాగు కలిసే చోట కోటిలింగాల ఉంది కదా, అక్కడి పాటిగడ్డ (పాత ఊరు ఉండిన దిబ్బ) మీద వాన పడితే చాలు, మట్టి కొట్టుకుపోయి పాత బిళ్లలు పైకి తేలేవి. అరిగి, చిలుమెక్కి ఉండే రాగి ముక్కలవి. మామూలుగా అలాంటివి పిల్లల జేబుల్లోకో పాత సామాన్ల కొట్టుకో పోతాయి. శర్మ గారు వాటిని ఓపిగ్గా పోగుచేశారు. అంతటితో ఆగి ఉంటే ఆయన గురించి ఈ పోస్ట్ రాసేవాణ్ణి కాదు. పోగుచేసేవాళ్లు చాలామందే ఉంటారు. ఆయన వాటిని హైదరాబాద్‌లో శాసనాలు చదివే పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారికి చేర్చారు. ఇవి ఫలానా చోట దొరికాయని చెప్పి మరీ ఇచ్చారు.

శాస్త్రి గారు వాటి మీద ప్రాచీన బ్రాహ్మీ లిపిలో ఉన్న అక్షరాలు చదివితే గోభద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప అనే పేర్లు బయటపడ్డాయి. ఏ పురాణమూ చెప్పని రాజులు వీళ్లు. తర్వాత ఛిముక పేరున్న నాణేలు వచ్చాయి. పురాణాలు శాతవాహనుల్లో మొదటివాడిగా చెప్పే సిముకుడు ఈయనేనా కాదా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. వాదించుకోనివ్వండి. వాదించుకోవడానికి చేతిలో ఒక వస్తువు ఉండటమే గొప్ప. ఆ నాణేల వల్లే 1970ల చివర్లో వి.వి. కృష్ణశాస్త్రి గారి ఆధ్వర్యంలో పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు మొదలుపెట్టింది.

నాణెం ఎక్కడ దొరికింది, దేనితో కలిసి దొరికింది అన్నది ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి నాసిక్ దగ్గరి జోగళ్‌తెంబి కన్నా మంచి ఉదాహరణ లేదు. 1906లో అక్కడ 13,000కు పైగా వెండి నాణేలు ఒకేచోట బయటపడ్డాయి. అన్నీ క్షహరాట వంశపు రాజు నహపానుడివి. వాటిలో 9,000కు పైగా నాణేల మీద, అతణ్ణి ఓడించిన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. నహపానుడి ముఖం మీదే మూడు వంపుల కొండ గుర్తు, వెనకవైపు ఉజ్జయిని గుర్తు (కూడిక గుర్తు లాంటి గీతల నాలుగు చివర్లా నాలుగు సున్నాలు). నాణేలను కరిగించలేదు, ఓడిపోయినవాడి ముఖం మీద తన పేరు అచ్చేయించి బజార్లోకి వదిలాడు. ఎంత పొగరు! హెచ్.ఆర్. స్కాట్ అనే పాస్టర్ ఆ నిధిని మొత్తంగా పరిశీలించి రాశాడు కాబట్టి ఎన్నిటి మీద ముద్ర పడిందో, ఎన్నిటి మీద పడలేదో లెక్క మనకు తెలిసింది. అదే నిధిని ఎవరో వ్యాపారి పదేసి చొప్పున అమ్మేసుకుని ఉంటే? నాణేలు ఎక్కడో ఒకచోట మిగిలేవి, ఆ లెక్క మాత్రం పోయేది.

మన చట్టం సంగతి కూడా చెప్పాలి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా నడుస్తోంది. భూమిలో పది రూపాయలకు మించి విలువైన నిధి దొరికితే కలెక్టర్‌కి చెప్పాలి. బాగానే ఉంది. ప్రభుత్వం దాన్ని తీసుకోవాలనుకుంటే ఎంత ఇస్తుందో తెలుసా? ఆ లోహం విలువ, దాని మీద అయిదో వంతు. అంటే శాతవాహనుల సీసం నాణేనికి సీసం ధర, పైన కాస్త! దొరికినవాడు ఎందుకు చెప్తాడండీ? దాచుకుంటాడు, లేదా రాత్రికి రాత్రి అమ్మేస్తాడు. ఇంగ్లండ్, వేల్స్‌లో 1997 నుంచి ఒక పద్ధతి ఉంది. పొలంలో ఏది దొరికినా తీసుకెళ్లి చూపిస్తే ఫొటో తీసి, బరువు, చోటు రాసుకుని, చాలావాటిని దొరికినవాళ్లకే తిరిగి ఇచ్చేస్తారు. అలా నమోదైనవి పది లక్షలు దాటాయి, ఎవరైనా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు.

రోమన్ నాణేలు సేకరించేవాళ్ల అదృష్టం చూస్తే నాకు కుళ్లు. చక్రవర్తి పేరు కొడితే ఆన్‌లైన్‌లో 40,000కు పైగా రకాలు ఫ్రీగా దొరుకుతాయి. పెద్ద సంస్థలు దిగకముందే, ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రుళ్లు ఒక్కో నాణేన్నీ స్కాన్ చేసి, వివరాలు టైప్ చేసి అందరికోసం పెట్టిన హాబీ మనుషులు ఉన్నారు. అందులో వాళ్లకు వచ్చిందేమీ లేదు, ఖర్చు తప్ప. మరి శాతవాహన నాణెం చేతికొస్తే నేనేం చేయాలి? బ్రిటిష్ మ్యూజియం నాణేల మీద 1908లో లండన్‌లో రాప్సన్ అనే పండితుడు వేసిన కేటలాగ్ స్కాన్ కాపీ తిరగేయాలి. కోటిలింగాల అప్పటికి ఎవరికీ తెలియదు, కాబట్టి అందులో ఉండదు. పెద్దపల్లి దగ్గరి ఒక్క పెద్దబంకూరులోనే సుమారు 22,000 నాణేలు దొరికాయంటారు. వాటి ఫొటోలు ఒక్కచోట, తెలుగులో, మామూలు మనిషికి కనబడేలా ఎక్కడున్నాయి? ఒక మ్యూజియంలో ఇదే అడిగితే లెటర్‌హెడ్ మీద దరఖాస్తు తెమ్మన్నారు. సంస్థ ఏదీ లేని మనిషికి లెటర్‌హెడ్ ఎక్కడిది సార్ అంటే నవ్వేసి ఊరుకున్నారు.

పైగా ఎల్లంపల్లి బ్యాక్‌వాటర్ కోటిలింగాల దాకా వచ్చింది. ఇక ముందు అక్కడ ఏం దొరుకుతుందో, అసలు దొరుకుతుందో లేదో.

అందుకే జగిత్యాల, పెద్దపల్లి, కరీంనగర్ వైపు వాళ్లకి ఒక మాట. మీ తాతగారి పెట్టెలో అలాంటి బిళ్లలుంటే దయచేసి చింతపండు పెట్టి తోమకండి, అక్షరాలు పోతాయి. రెండువైపులా ఫొటో తీయండి, పక్కన స్కేల్ పెట్టండి. బంగారం కొట్లో తూకం వేయించండి. ఏ ఊళ్లో, ఏ చేలో దొరికిందో ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసుకోండి. ధర ఎంతో మాత్రం నన్ను అడగకండి, చెప్పను.